ముఖం మోసిన నింద

దుబాయిలో మన తెలుగువాళ్ళ ముందు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడే అవకాశం దక్కడం ఏ వైద్యురాలికైనా గౌరవమే. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడ్డారు. 1920ల మొదట్లో సముద్రం దాటి అమెరికా వెళ్ళి, 1948 ఆగస్టులో కన్నుమూసేదాకా మళ్ళీ స్వదేశం చూడలేదు. వలస వెళ్ళిన ఆ మహనీయుడి పేరు మీద, వలస వచ్చిన మనం ఒకచోట కూర్చోవడంలో ఒక ఔచిత్యం ఉంది.

ఈ సందర్భానికి నేను ఎంచుకున్న విషయం పెద్దవయసులో వచ్చే మొటిమలు. హార్మోన్ల వల్ల వచ్చేవి. పాతికేళ్ళు దాటాక, ముప్పై దాటాక, కొందరికి నలభై దాటాక కూడా దవడల మీద, గడ్డం కింద, మెడ మీద గట్టిగా, నొప్పిగా లేచి, మానినా నల్ల మచ్చ మిగిల్చి పోయేవి. ఇంత పెద్ద పేరు కింద ఇంత చిన్న విషయమా అని కొందరికి తోచవచ్చు. 2008లో అమెరికాలో జరిగిన ఒక సర్వేలో, ఇరవైల్లో ఉన్న ఆడవాళ్ళలో దాదాపు 51 శాతం, ముప్పైల్లో ఉన్నవాళ్ళలో 35 శాతం, నలభైల్లో ఉన్నవాళ్ళలో 26 శాతం తమకు మొటిమలున్నాయని చెప్పారు. నలుగురిలో ఒకరికి నలభై దాటాక కూడా వదలని బాధను చిన్న విషయం అనడానికి నా మనసు ఒప్పుకోదు. పైగా ఈ జబ్బుకు సుదీర్ఘమైన నిందాచరిత్ర ఉంది. ఇటీవలి శతాబ్దాల్లో ప్రతి తరమూ మొటిమను చూసి ఆ మనిషిలో ఒక తప్పు వెతికింది. ఒక కాలం నడవడిని తప్పుపట్టింది, మరొక కాలం శుభ్రతను తప్పుపట్టింది, మన కాలం తిండిని తప్పుపడుతోంది. తిండికి ఇందులో నిజంగానే పాత్ర ఉంది. ఆ పాత్ర ఎంతో తూచి చెప్పడం, దాన్ని మళ్ళీ ఒక నింద కానివ్వకుండా కాపాడడం ఈనాటి వైద్యం ముందున్న బాధ్యత అని నేను నమ్ముతున్నాను.

మన పూర్వులు ఈ విషయంలో మనకంటే న్యాయంగా ఉన్నారు. సుశ్రుత సంహిత నిదాన స్థానంలో క్షుద్రరోగాల వరుసలో ముఖదూషిక అనే పేరుతో ఈ జబ్బు కనిపిస్తుంది. యువకుల ముఖం మీద బూరుగు చెట్టు ముళ్ళలా లేచే పొక్కులని, కఫ వాతాలూ రక్తమూ చెడడం వల్ల పుడతాయని అక్కడ ఉంది. బూరుగు మాను బెరడు మీది ముల్లును దగ్గరగా చూసినవాళ్ళకు ఆ పరిశీలన ఎంత నిశితమో అర్థమవుతుంది: అడుగు వెడల్పు, కొన మొన, చుట్టూ గట్టిదనం. వస, లొద్దుగ, సైంధవ లవణం, ఆవాలు నూరి లేపనం వేయమని చికిత్స చెప్పారు. ఈ లేపనం ఇవాళ ముఖానికి పూసుకోమని నేను చెప్పను. అయితే ఆ గ్రంథం రోగిని దోషిగా నిలబెట్టలేదని మాత్రం గుర్తించాలి. కారణాన్ని ఒంటి లోపలే వెతికింది. పదకొండో శతాబ్దంలో ఇబ్న్ సీనా తన వైద్య మహాగ్రంథంలో ముక్కు మీద, ముఖం మీద పాలచుక్కల్లా తేలే తెల్లని పొక్కుల గురించి రాసినప్పుడు కూడా అదే దృష్టి. మనం ఇప్పుడు నివసిస్తున్న అరబ్బు నేల వైద్యానికి ఆ గ్రంథం శతాబ్దాల పాటు ఆధారంగా నిలిచింది.

నింద మొదలైంది తర్వాతే. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల యూరపులో పేరున్న వైద్యులే మొటిమలను హస్తప్రయోగానికీ బ్రహ్మచర్యానికీ ముడిపెట్టి రాశారు. ఆ మాట ఎక్కడో యూరపులో పుట్టి అక్కడే చచ్చిపోయిందనుకోకండి. "పెళ్ళి చేస్తే అవే పోతాయి" అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. పెళ్ళయ్యాక కూడా పోకపోతే ఆ పిల్లలోనే ఏదో లోపం ఉందన్న అనుమానం ఆ మాట వెనకాలే నడిచి వస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో సబ్బుల వ్యాపారం పెరిగింది, నింద మురికి మీదికి మళ్ళింది. ముఖం సరిగా కడుక్కోనివాళ్ళకే మొటిమలు వస్తాయన్న మాట అప్పటినుంచి ఎంత పాతుకుపోయిందంటే, రోజుకు ఆరేడుసార్లు సబ్బుతో తోముకుని, చర్మం పొరలు లేచిపోయి, మంటతో నా ముందు కూర్చునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అసలు కారణం వైపు వెలుగు పడింది 1930ల్లో, 40ల్లో. 1935లో షికాగోలో స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు, నెలసరి తప్పిపోయి, అవాంఛిత రోమాలు పెరిగి, అండాశయాలు ఉబ్బిన కొందరు స్త్రీల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఇప్పుడు మనం పీసీఓడీ, పీసీఓఎస్ అని పిలుచుకుంటున్న స్థితి అదే. 1941లో జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త, వృషణాలు లేని పురుషులకు మొటిమలు రావనీ, వాళ్ళకు పురుష హార్మోను ఇస్తే వస్తాయనీ చూపించాడు. దానితో శీలం, శుభ్రత అన్నీ విచారణ నుంచి తప్పుకోవలసింది. శాస్త్రం వాటిని తప్పించింది, సమాజం తప్పించలేదు.

లోపల జరిగేది ఇది. ప్రతి రోమకూపం పక్కనా ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఆండ్రోజన్లు, అంటే పురుష హార్మోన్లు, దానికి తాఖీదులిస్తాయి. ఆడవాళ్ళ ఒంట్లో కూడా అండాశయాలూ అడ్రినల్ గ్రంథులూ కొంత ఆండ్రోజన్‌ను తయారుచేస్తూనే ఉంటాయి. తాఖీదు ఎక్కువైతే గ్రంథి ఎక్కువ నూనె ఊరుస్తుంది. అదే సమయంలో రోమకూపం నోటి దగ్గర చనిపోయిన కణాలు రాలిపోకుండా పేరుకుని దారి మూస్తాయి. మూసిన గదిలో క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, ఒళ్ళు దాని మీద తిరగబడుతుంది; ఆ తిరుగుబాటే ఎర్రదనం, వాపు, నొప్పి. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. పెద్దవయసు మొటిమలున్న స్త్రీలలో ఎక్కువమందికి రక్త పరీక్షలో ఆండ్రోజన్లు మామూలుగానే ఉంటాయి. హార్మోను సరిగానే ఉన్నా, దానికి గ్రంథి చూపే స్పందన ఎక్కువ. అది చాలావరకు పుట్టుకతో వచ్చేది. 2002లో ఇంగ్లండులో కవల స్త్రీల మీద జరిగిన పెద్ద అధ్యయనం, మొటిమల విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 81 శాతం వారసత్వానిదేనని లెక్కగట్టింది. "ఏం తింటున్నావు?" అని ఎవరైనా అడిగినప్పుడు ముందుగా గుర్తు చేసుకోవలసిన అంకె ఇది.

ఇప్పుడు తిండి సంగతికి వస్తాను. దీని చరిత్ర రెండు అతివాదాల మధ్య ఊగింది. 1969 వరకూ వైద్యులు చాక్లెట్టు, వేపుళ్ళు, తీపి మానెయ్యమని అందరికీ చెప్పేవారు. ఆ ఏడాది ఫుల్టన్, ప్లీవిగ్, క్లిగ్మన్ అనే ముగ్గురు 65 మందికి నాలుగు వారాల పాటు చాక్లెట్టు ఎక్కువగా ఉన్న బిళ్ళలు, చాక్లెట్టు లేని బిళ్ళలు ఇచ్చి చూసి, తేడా లేదని తేల్చారు. అంతే, దాదాపు ముప్పై ఏళ్ళ పాటు ఆహారానికీ మొటిమలకూ సంబంధం లేదన్నది పాఠ్యపుస్తకాల్లో వేదవాక్కయింది. చాక్లెట్టు లేని ఆ బిళ్ళలో కూడా చక్కెరా కొవ్వూ ఇంచుమించు అంతే ఉన్నాయని తర్వాతి తరం గమనించింది. చక్కెరను చక్కెరతో పోల్చి చక్కెరకు శిక్ష లేదని తీర్పు చెప్పినట్టయింది. శాస్త్రంలో ఒక్క ప్రయోగానికి అంత అధికారం కట్టబెట్టడం ప్రమాదమని నా అభిప్రాయం.

2002లో లారెన్ కార్డైన్ బృందం పాపువా న్యూగినీలోని కిటావా దీవిలో 1200 మందిని, పరాగ్వేలోని అచే తెగలో 115 మందిని పరీక్షించి, ఒక్కరిలో కూడా మొటిమ కనిపించలేదని రాసింది. దుంపలు, పళ్ళు, చేపలు, కొబ్బరి వంటి సహజమైన తిండి మీద బతికే జనం వాళ్ళు. అంతకు చాలా ముందే, 1971లో, ఒట్టో షేఫర్ అనే వైద్యుడు కెనడా ఉత్తరాన ఇన్యూట్ ప్రజల్లో చక్కెర, మైదా వచ్చాక మొటిమలు మొదలయ్యాయని గమనించాడు. ఇవి పరిశీలనలే, రుజువులు కావు. 2007లో మెల్‌బోర్న్‌లో ఒక ప్రయోగం జరిగింది. 15 నుంచి 25 ఏళ్ళ లోపు 43 మంది మగపిల్లల్లో కొందరికి 12 వారాలు రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే ఆహారం, మిగిలినవాళ్ళకు మామూలు ఆహారం ఇచ్చారు. మొదటి జట్టులో మొటిమలు సగటున 23 దాకా తగ్గాయి, రెండో జట్టులో 12. ఫలితం నిజమే. కానీ వాళ్ళు కుర్రాళ్ళు, మొదటి జట్టువాళ్ళు బరువు కూడా తగ్గారు. ఆ మేలు తిండిదా బరువుదా అన్నది విడదీసి చెప్పలేం. 2024లో అమెరికా చర్మవైద్యుల సంఘం వెలువరించిన మార్గదర్శకాలు, ఫలానా ఆహారం తినమని సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవన్నాయి.

అయినా ఆహారం మీద నాకు ఆసక్తి తగ్గలేదు. కారణం ఇన్సులిన్. తెల్లన్నం, మైదా, తీపి పానీయాలు రక్తంలో చక్కెరను ఒక్కసారిగా ఎగదోస్తే, దాన్ని దించడానికి ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతుంది. ఆ ఇన్సులిన్ అండాశయాల చేత ఆండ్రోజన్‌ను ఎక్కువగా తయారుచేయిస్తుంది. ఆండ్రోజన్‌ను పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేసేలా చేస్తుంది. దాంతో స్వేచ్ఛగా తిరిగే ఆండ్రోజన్ పెరుగుతుంది. ఐజీఎఫ్-1 అనే మరో ప్రేరకం నూనె గ్రంథిని నేరుగా రెచ్చగొడుతుంది. పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో చాలామందికి ఇన్సులిన్‌కు ఒళ్ళు మొండికేసే గుణం ఉంటుంది కాబట్టి, వాళ్ళ విషయంలో తిండి మార్పు మొటిమ కోసం కాకపోయినా రేపటి మధుమేహం కోసమైనా అవసరమే.

ఇక్కడ మన పళ్ళెం చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా వరి సముద్రమైంది. తెలంగాణ మాత్రం జొన్న రొట్టె, జొన్న గటక మీద, రాయలసీమ రాగి సంగటి, కొర్రన్నం మీద చాలాకాలం బతికాయి. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక ఆ పళ్ళేలు కూడా తెల్లబడ్డాయి. ఆ బియ్యం ఎన్ని ఇళ్ళలో ఆకలి తీర్చిందో తెలిసినదాన్ని గనుక దాన్ని తప్పుపట్టే సాహసం నేను చేయను. అయితే పొలం పనిలో ఒళ్ళు వంచిన తరం తిన్నంత అన్నమే, కుర్చీలో కూర్చునే తరం తింటోంది. ఇటు ఈ ఎడారి తీరం కథ కూడా అలాంటిదే. 1930ల దాకా ముత్యాల వేట మీద బతికిన ఇక్కడి జనానికి ఖర్జూరం, చేప, మన దేశపు ఓడల్లో వచ్చిన బియ్యం, ఇవే ఆహారం. చమురు వచ్చింది, 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ సమాఖ్య ఏర్పడింది, ఒక్క తరంలో తిండి మారిపోయింది. 2017 అక్టోబరులో ఈ ప్రభుత్వం గ్యాసు పానీయాల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను వేసిందంటే, సమస్య ఎంత దూరం వచ్చిందో ఊహించుకోవచ్చు.

మనం ఆ మార్పు మధ్యలోకి వచ్చి పడ్డాం. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చిన కూలీ తమ్ముళ్ళ క్యాంపుల్లో రాత్రి భోజనం అంటే తెల్లన్నం కొండ, పక్కన పల్చటి పప్పు. ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలకు మధ్యాహ్నం పరోటా, సాయంత్రం దాకా కరక్ చాయ్. ఆ చాయ్ రుచి నాకూ ఇష్టమే. కానీ డబ్బా పాలు, చక్కెర, యాలకులు కలిపి మరిగించిన ఆ చిన్న కప్పు రోజుకు ఐదారుసార్లు లోపలికి వెళితే, అది పానీయం పేరుతో వెళ్ళిన మిఠాయి. పాల మీద కూడా కొంత అనుమానం ఉంది. 2005లో అమెరికాలో 47 వేలకు పైగా నర్సులు తమ బడి రోజుల తిండిని గుర్తు చేసుకుని చెప్పిన వివరాల్లో, పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు ఎక్కువ తాగినవాళ్ళలో మొటిమలు ఎక్కువ కనిపించాయి. జ్ఞాపకాల మీద కట్టిన లెక్క అది. అందరూ పాలు మానమనడానికి చాలదు. పెరుగు, మజ్జిగల మీద అంత స్పష్టమైన ఆరోపణ లేదు. జిమ్ముకు వెళ్ళే కుర్రాళ్ళు కలుపుకునే వే ప్రొటీన్ పొడి మీద మాత్రం వైద్యుల అనుభవాలు కొన్ని నమోదయ్యాయి. ఛాతీ, వీపు నిండా పొక్కులతో వచ్చే కుర్రాణ్ణి నేను ముందు అడిగే ప్రశ్న ఆ డబ్బా గురించే.

ఖర్జూరం తీపి గదా, మానాలా అని అడుగుతుంటారు. 2011లో ఈ దేశంలోని అల్ ఐన్ పరిశోధకులు ఇక్కడి ఐదు రకాల ఖర్జూరాలను పరీక్షించారు. రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక ఆరోగ్యవంతుల్లో 46 నుంచి 55 మధ్యే ఉంది, తెల్లన్నం కంటే తక్కువ. మూడు నాలుగు ఖర్జూరాలు తినేవాళ్ళను భయపెట్టనవసరం లేదు. పుదీనా టీ సంగతీ చెబుతాను. 2010లో ఇంగ్లండులో పీసీఓఎస్ ఉన్న 42 మంది స్త్రీలలో కొందరు నెల రోజులు పుదీనా టీ తాగితే స్వేచ్ఛా టెస్టోస్టెరాన్ తగ్గింది. అవాంఛిత రోమాలు తగ్గినట్టు మాత్రం కొలతకు అందలేదు. తాగండి, మంచిదే. దాన్ని మందు అనుకుని వైద్యాన్ని వాయిదా వేయకండి. జొన్నలు, సజ్జలు తెచ్చుకోండి. దుబాయి కరామా వీధుల్లో దొరుకుతాయి. రాగి జావ మాత్రం పిండి మెత్తగా పట్టి పల్చగా కాచి తాగితే చక్కెరను త్వరగానే పెంచుతుంది.

గుర్తుపట్టే వివరాలు వదిలేసి ఒక అమ్మాయి గురించి చెబుతాను. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా పనిచేస్తున్న ముప్పై దాటిన అమ్మాయి. కుర్చీలో కూర్చోగానే సంచి విప్పి, అందులో ఉన్నవన్నీ నా బల్ల మీద పేర్చింది. ముల్తానీ మట్టి పొట్లం. నలుగుపిండి. గరుకు గింజలున్న స్క్రబ్బు. సగం పిండేసిన టూత్‌పేస్టు, మొటిమ మీద పెట్టుకోవడానికట. ఎండిన నిమ్మచెక్క. ఊరినుంచి ఎవరో పంపిన, పేరు చెరిగిపోయిన క్రీము. మూత తీసి అడిగితే రెండు రోజుల్లో తెల్లబరుస్తుందని అంది. అంత వేగంగా తెల్లబరిచే క్రీముల్లో ఎక్కువగా ఉండేది స్టెరాయిడ్. మొదటివారం ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పల్చబడి, సన్నని రక్తనాళాలు పైకి తేలి, మానెయ్యగానే మొటిమలు రెట్టింపై తిరిగొస్తాయి. నెలనెలా బి12 ఇంజెక్షన్ కూడా వేయించుకుంటోంది; అది కొందరిలో మొటిమలను రేపుతుందని ఎవరూ చెప్పలేదు. "మా అత్తగారు వీడియో కాల్‌లో ముందు నా ముఖమే చూస్తారండీ మేడం. 'ఏం తింటున్నావే అక్కడ, ముఖం కడుక్కోవట్లేదా' అంటారు. ఇక్కడి నీళ్ళు పడలేదని చెప్పి తప్పించుకుంటున్నానండీ" అంది. నెలసరి గురించి అడిగితే తలవంచుకుని, రెండు మూడు నెలలకోసారి వస్తోందని చెప్పింది. అంతమంది ఆమె ముఖం చూశారు. ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు.

ప్రపంచంలో పిల్లలు కనే వయసున్న స్త్రీలలో పది మందిలో ఒకరికి పీసీఓఎస్ ఉంటుందనీ, అందులో 70 శాతం దాకా నిర్ధారణ కాకుండానే ఉండిపోతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ముప్పైల్లో మొటిమలతో పాటు నెలసరి తప్పడం, గడ్డం మీద ముదురు వెంట్రుకలు, మెడ వెనక నల్లని ముడతలు కనిపిస్తే, క్రీముకంటే ముందు రక్త పరీక్ష కావాలి. నీళ్ళ మాట కూడా చెబుతాను. ఇక్కడి నగరాల్లో కుళాయి నీరు చాలావరకు ఉప్పు తీసిన సముద్రపు నీరే. నీళ్ళు మారినందుకు చర్మం పొడిబారవచ్చు గానీ, దవడ మీద ప్రతి నెలసరి ముందూ లేచే మొటిమకు కారణం నీళ్ళు కావు. ఉక్కపోత, చెమట, బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల చర్మాన్ని పిండేసే ఏసీ, వీటన్నిటి పాత్రా ఉంది. తలకు రాసిన కొబ్బరినూనె నుదుటి మీదికి జారడం కూడా చిన్న సంగతేమీ కాదు. జిడ్డు పూతలు నుదుటి మీద పొక్కులు తెప్పిస్తాయని 1970లోనే ప్లీవిగ్, క్లిగ్మన్ బృందం వర్ణించింది.

ముఖానికి చేయవలసింది తక్కువ, చేయవలసిన కాలం ఎక్కువ. రోజుకు రెండుసార్లు, చేతులతోనే, మృదువైన క్లెన్సరుతో కడుక్కుంటే చాలు. రాత్రి అడాపలిన్ వంటి రెటినాయిడ్, ముఖం మొత్తానికి కలిపి బఠాణీ గింజంత, మొదట్లో రోజు విడిచి రోజు. దాని మీద నూనె లేని మాయిశ్చరైజరు. పొద్దున పూట బెంజాయిల్ పెరాక్సైడ్, లేదా అజెలాయిక్ ఆసిడ్. మన రంగు చర్మానికి మచ్చలే పెద్ద బాధ గనుక అజెలాయిక్ ఆసిడ్ రెండు విధాలా మేలు చేస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్ళనూ దిండు గలీబులనూ తెల్లగా మరకలు కొట్టేస్తుంది, తెల్లవి వాడుకోమని నేను ముందే చెబుతాను. ఆ మరక చూసి భయపడి మానేసినవాళ్ళు ఉన్నారు. ఆపైన ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీను. ఈ దేశంలో అది లేకుండా మచ్చల వైద్యం నడవదు. ఫలితం కనిపించడానికి 12 వారాలు పడుతుంది. మొదటి నెలలో పొక్కులు కొంచెం పెరగవచ్చు కూడా. ఎక్కువమంది మందు మానేసేది సరిగ్గా అప్పుడే.

ఇంతటితో లొంగని హార్మోన్ల మొటిమలకు స్పైరనోలాక్టోన్ అనే మాత్ర ఉంది; 2023లో బ్రిటన్‌లో 410 మంది స్త్రీల మీద జరిగిన ప్రయోగంలో 24 వారాలకు దాని మేలు స్పష్టంగా తేలింది. గర్భనిరోధక మిశ్రమ మాత్రలు ఉన్నాయి. మచ్చలు గుంటలయ్యే తీవ్రమైన జబ్బుకు 1982 నుంచి ఐసోట్రెటినోయిన్ ఉంది. వైద్యుల పర్యవేక్షణ లేకుండా వీటిలో ఏదీ ముట్టుకోకూడదు.

సుబ్బారావు గారి జీవితం మన విషయంలోకి నేరుగా అడుగుపెట్టేది యాంటీబయాటిక్ దగ్గర. ఆయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనాలయానికి సారథ్యం వహిస్తున్నప్పుడు, మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టి నుంచి బెంజమిన్ డగ్గర్ వేరుచేసిన సూక్ష్మజీవి ఇచ్చిన మందు 1948లో ఆరియోమైసిన్‌గా లోకానికి వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1950ల నుంచి మొటిమల వైద్యానికి ఆ కుటుంబమే వెన్నెముక. లెడర్లీలోనే పుట్టిన మినోసైక్లిన్, ఇవాళ మనం రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోవే. తన అన్నదమ్ములను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకుని, ఆ దుఃఖంతోనే పరిశోధనలోకి నడిచిన మనిషి ఇచ్చిన వరాన్ని మనం ఎలా వాడుతున్నాం? ఏడాది పొడుగునా, చీటీ పాతదైనా, మిత్రురాలి మాత్రలైనా. యాంటీబయాటిక్ ఒక్కదాన్నే నెలల తరబడి మింగితే సూక్ష్మజీవులు మొండికేస్తాయి. బెంజాయిల్ పెరాక్సైడ్ తోడుగా, మూడు నాలుగు నెలలకు మించకుండా వాడాలన్నది ఈనాటి వైద్యనీతి. దాన్ని పాటించడం ఆయన స్మృతి పట్ల మన కర్తవ్యమని నా మనవి.

అదే పరిశోధనాలయంలో 1940ల మధ్యలో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను సంశ్లేషించింది. ఆ ఫోలిక్ ఆసిడ్ నా వైద్యంలోకి వచ్చేది ఇలా: నా దగ్గరికి వచ్చే ప్రతి పెళ్ళయిన అమ్మాయినీ నేను పిల్లల ఆలోచన ఉందా అని అడుగుతాను. ఉంటే ఐసోట్రెటినోయిన్, స్పైరనోలాక్టోన్, డాక్సీసైక్లిన్, ముఖానికి రాసే రెటినాయిడ్ అన్నీ పక్కన పెట్టాలి. ఐసోట్రెటినోయిన్ గర్భస్థ శిశువుకు ఘోరమైన వైకల్యాలు తెస్తుంది. అప్పుడు అజెలాయిక్ ఆసిడ్‌తో సరిపెట్టి, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ రాస్తాను.

చివరిగా ఈ సభ ముందు ఒక విన్నపం. దుబాయిలో 2013 నాటి చట్టం, ఉత్తర ఎమిరేట్లలో 2025 జనవరి 1 నుంచి వచ్చిన నిబంధన వల్ల ప్రైవేటు ఉద్యోగులకూ ఇంటి పనివారికీ ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. మంచి మార్పు. కానీ కొన్ని పాలసీల్లో మొటిమల వైద్యం సౌందర్య చికిత్సల వరుసలో మినహాయింపుగా కనిపిస్తుంది. నెలసరి తప్పడం మాత్రం వైద్య సమస్యే. ఈ రెండింటినీ కలిపి వైద్యుడికి చెప్పమని మన ఆడపిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి. మన సంఘాలు నడిపే వైద్య శిబిరాల్లో బీపీ, షుగరు చూసి పంపేస్తున్నాం. అక్కడే తెర కట్టిన ఒక మూల, తెలుగు తెలిసిన ఒక వైద్యురాలు, నెలసరి గురించి రెండు ప్రశ్నలు, నడుము కొలత ఏర్పాటు చేయండి. ఖర్చు పెద్దగా ఉండదు. ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళలో చాలామందికి వారంలో సెలవు దొరికేది ఆదివారమే. శిబిరం ఆ రోజు పెడితేనే వాళ్ళు రాగలుగుతారు.